నీళ్ళు పోయని బంతి

2009 అక్టోబర్ 4

ప్రణవి పెళ్ళి ఖాయం చేశాం. మార్చి 27, శనివారం, ఈ చాండ్లర్ ఇంట్లో, మా పెరట్లోనే. దానికి హాలు వద్దట, హోటల్ వద్దట. ఆయన సంవత్సరీకం అయ్యేదాకా ఆగుదామన్నది నేనే. ఆగాం, అయింది. ఇక ఆగడానికి కారణమేమీ లేదు.

"పూలు కూడా బయటినుంచి తెప్పించొద్దమ్మా," అంది ఫ్రీమాంట్ నుంచి ఫోన్‌లో. "ఫ్లైట్‌లో వచ్చే రోజెస్ నాకు వద్దు. నాన్న ఫ్రీవే పక్కన చూపించేవాడు కదా, ఆ ఎల్లో ఫ్లవర్స్, డెజర్ట్ మేరిగోల్డ్? నా జడకి అవి కావాలి."

"అవి రోడ్డు పక్క పిచ్చిమొక్కలే. పెళ్ళిజడకి పిచ్చిమొక్కల పూలా?"

"నువ్వు పెంచితే పిచ్చివి ఎందుకు అవుతాయి? నువ్వు ఏదైనా గ్రో చేస్తావు కదా."

నాకు ఆ మాట చాలు. పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో నా గురించి అనుకునే మాటే అది. రాధారాణిగారి చేయి చల్లనిది, ఎండుపుల్ల గుచ్చినా చిగురు వేస్తుంది. ఎడారిలో కరివేపాకు బతకదన్నారు. ఇవాళ చాండ్లర్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళలో ఉన్న కరివేపాకు మొక్కల్లో సగం మా చెట్టు పిల్లలే. మల్లె ఉంది, గోంగూర ఉంది, దొండపాదు ఉంది, చివరికి మునగ కూడా ఉంది. బయటంతా ఎడారి అయితే అవనీ, పెరడు మాత్రం నాది.

సరేనన్నాను. బంతి మొలిపించడం నాకొక లెక్కా.

సాయంత్రం కృష్ణవేణి వదిన ఫ్రిస్కో నుంచి ఫోన్ చేసింది. ఆయన అక్కగారు, ఇక ఈ పెళ్ళికి పెద్దదిక్కు ఆవిడే. "వారం ముందే వచ్చేస్తాను రాధా. తంతు సంగతి అంతా నేను చూసుకుంటాను. నువ్వు హాయిగా కూర్చో," అంది. మంచి మనిషి. నాకు శ్రమ ఎక్కువవుతుందని ఆవిడ బాధ.

అక్టోబర్ 6

నర్సరీలో విత్తనాల ప్యాకెట్ దొరికింది. వెనకాల ఏదో పొడుగ్గా అచ్చువేశారు. బంతి చల్లడానికి నేను చదువుకోవాలా.

మల్లెపాదు పక్కన, నా పెరటి మొత్తంలో మంచి మన్ను ఉన్న చోట మడి కట్టాను. ఆవు పేడ ఎరువు రెండు సంచులు కలిపాను. చల్లిన విత్తనాల మీద బియ్యం కడిగిన నీళ్ళు పోశాను. మా అమ్మ ఏ మొక్కకైనా మొదట అవే పోసేది. ఇక పొద్దునా సాయంత్రం నీళ్ళు.

అక్టోబర్ 17

మొలిచాయి. మడంతా పచ్చగా, పాయసంలో సగ్గుబియ్యంలా కిక్కిరిసి లేచాయి. ఫోటో తీసి ప్రణవికి పంపాను. గుడిలో ఐదారుగురికి చెప్పాను. వాళ్ళు అడగలేదు గానీ చెప్పాను.

"పెళ్ళికూతురి జడకి పూలు పెరట్లోంచేనా రాధారాణిగారూ, మీకే చెల్లింది," అన్నారు. అవును, నాకే చెల్లింది.

అక్టోబర్ 26

పడిపోయాయి. అన్నీ.

అక్టోబర్ 27

కాడలు మొదట్లో నల్లబడి, నేలకి అంటుకుపోయాయి. నిన్న పొద్దున కొన్ని, సాయంత్రానికి సగం, ఇవాళ ఒక్కటి లేదు. ఆ ప్యాకెట్ పాతదయి ఉంటుంది. విత్తనం పుచ్చయితే చేయి ఏం చేస్తుంది.

నా చేతికేమీ కాలేదు.

నవంబర్ 1

కొత్త ప్యాకెట్ తెచ్చాను. ఈసారి వెనక ఉన్నది చదివాను. చదివితే నష్టమేముంది.

ఎరువు వేయవద్దట. సారం లేని నేలే మంచిదట. నీళ్ళు ఎక్కువైతే కుళ్ళిపోతుందట. ఒకసారి నాటుకున్నాక దాని మానాన దాన్ని వదిలేయాలట. మొక్కని వదిలేయమని రాసినవాడిని నేను ఇంతవరకూ చూడలేదు. అలాంటప్పుడు దాన్ని పెంచడం అని ఎందుకంటారో తెలియదు.

అంటే నా మంచి మన్నూ, నా ఎరువూ, నా కడుగునీళ్ళూ కలిసి వాటిని చంపాయి. అతి సర్వత్ర వర్జయేత్ అని చిన్నప్పుడు పలక మీద రాశాను, పంట మీద రాయడం మర్చిపోయాను.

సారం లేని నేల కావాలంటే ఈ పెరట్లో ఒక్కటే చోటుంది. పడమటి గోడ దగ్గర ఆయన మూల. దారి వేస్తానని ఒక లారీ గరుకు మన్ను, రాళ్ళు తెచ్చి పోయించారు. దారి వేయలేదు. దాన్ని తీయించమని పదేళ్ళు పోరాను. "ఉండనీవే, ఎప్పుడో దేనికో పనికొస్తుంది," అనేవారు. ఆ మూల దగ్గరికి నేను చీపురు కూడా తీసుకుపోలేదు.

అక్కడ చల్లాను. ఒకసారి తడిపి లోపలికి వచ్చేశాను. పనికొచ్చిందని ఒప్పుకుంటున్నాను, ఈ కాగితం మీద మాత్రమే.

నవంబర్ 8

వదిన ఫోన్. పెళ్ళికి మూడు రోజుల ముందు, మార్చి 24న, పాలికలు పెడతారట. మట్టిమూకుళ్ళలో మన్ను పోసి, నవధాన్యాలు చల్లి, పాలూ నీళ్ళూ చిలకరించడం. అవి ఎంత పచ్చగా మొలిస్తే పిల్ల కాపురం అంత పచ్చగా ఉంటుంది. వదిన ఐదుగురు ముత్తయిదువుల పేర్లు చదివింది. తను, తన కోడలు పూజిత, పెళ్ళికొడుకు పిన్ని, మా వీధిలో ఇద్దరు.

తర్వాత కాస్త ఆగి, "ఇక నువ్వు... పుట్టమన్ను చూడు రాధా. అమెరికాలో పుట్టమన్ను నీకు తప్ప ఎవరికీ దొరకదు," అంది.

సరే వదినా అన్నాను. మన్ను నేను తేవచ్చు, అందులో గింజ నేను వేయకూడదు.

ఊళ్ళో అందరికీ నా చేతి మొక్కలు కావాలి. నా ఇంట్లో నా కూతురి పాలికలకి నా చేయి పనికిరాదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అనలేదు.

నేను అడగను. పద్ధతి పద్ధతే. మా అత్తగారు కూడా ఆవిడ కొడుకు పెళ్ళిలో, అంటే నా పెళ్ళిలోనే, గది గుమ్మం దాటి బయటికి రాలేదు. అప్పుడు నేను ఆవిడ ఎక్కడున్నారని కూడా అడగలేదు.

నవంబర్ 12

నాకేమీ బాధ లేదు.

నవంబర్ 13

నిజంగానే లేదు.

నవంబర్ 22

ఆయన మూలలో బూడిద రంగులో నాలుగాకులు కనిపించాయి. దగ్గరికి వెళ్ళి వంగి చూస్తే ఇంకొన్ని. రాళ్ళ మధ్య ఎక్కడ వీలైతే అక్కడ లేచాయి. ఆకుల మీద పసిపిల్లల చెవుల మీద ఉండే నూగులాంటి నూగు.

ఎవరికీ చెప్పలేదు.

నవంబర్ 29

చెంబు నింపుకుని గోడ దాకా వెళ్ళాను. నిలబడ్డాను. తిరిగి వచ్చి కరివేపాకుకి పోశాను. కరివేపాకు ఈ మధ్య నా వల్ల రెండు వాటాలు తాగుతోంది.

డిసెంబర్ 10

రాత్రి మంచు పడుతుందని టీవీలో చెబితే నిన్న సాయంత్రమే మల్లెకీ, కరివేపాకుకీ, మునగకీ దుప్పట్లు కప్పాను. ఆయన మూలలోని బంతి మొక్కలకి మాత్రం కప్పలేదు. మనసొప్పలేదు, అయినా కప్పలేదు. పొద్దున్నే చూస్తే దుప్పట్లో ఉన్న మల్లె కొసలు మాడాయి. ఏ కప్పూ లేనివి అలాగే ఉన్నాయి.

వీటికి కొంచెం పొగరు. నాకు నచ్చింది.

2010 జనవరి 21

నాలుగు రోజుల నుంచి వాన. ఈ ఊళ్ళో ఇంత వాన నేను ఎప్పుడో గానీ చూడలేదు. వేళ్ళు కుళ్ళిపోతాయని భయం వేసి, గొడుగు తీసుకెళ్ళి ఆ మొక్కల మీద పట్టుకుని నిలబడ్డాను. నేను తడిశాను, వాటిలో సగం తడిశాయి.

పక్కింటావిడ గోడ మీంచి చూసి, "ఎవ్రీథింగ్ ఓకే?" అంది. ఓకే అన్నాను. పాతికేళ్ళు మొక్కలకి నీళ్ళు పోసిన మనిషి ఇవాళ నీళ్ళు పడకుండా గొడుగు పట్టింది. ఆయన చూసి ఉంటే నెల రోజులు నవ్వేవారు.

జనవరి 23

ఏమీ కాలేదు. ఆయన పోయించిన ఆ రాళ్ళలోంచి నీళ్ళన్నీ కిందికి దిగిపోయాయి. గుత్తులు గుత్తులుగా లావెక్కాయి.

ఫిబ్రవరి 13

ప్రణవి, వినీత్ వచ్చారు. బ్లౌజుల కొలతలకి. వినీత్‌ది హనుమకొండ, ఇక్కడ ఎం.ఎస్. చేసి ఉద్యోగంలో చేరాడు. నెమ్మదైన పిల్లాడు, కానీ మాటకి మాట ఉంది.

మొక్కల దగ్గరికి తీసుకెళ్ళాను. మొగ్గలు పడ్డాయి, పొడుగు కాడల చివర ఒక్కొక్కటి. పిచ్చిమొక్కల పూలు పెళ్ళికా అని మీవాళ్ళు అనుకుంటారేమో అన్నాను, అతను ఏమంటాడో చూద్దామని.

"ఎందుకంటరు అత్తమ్మా? మా దిక్కు తంగేడు గుట్టల పొంటి పూస్తది. దానికెవ్వరు నీళ్ళు పొయ్యరు. అది లేకపోతే బతుకమ్మనే లేదు," అన్నాడు.

ఈ అల్లుడికి నా కూతురిని ఇస్తున్నందుకు నాకేమీ విచారం లేదు.

మధ్యాహ్నం ప్రణవి వంటింట్లోకి వచ్చింది. వాళ్ళ మేనత్త పంపిన ఈమెయిల్ చూసిందట. "అమ్మా, పాలికలు లిస్ట్‌లో ఐదు నేమ్స్ ఉన్నాయి. నువ్వు ఎందుకు లేదు?"

"ఆ పూట నాకు వంట పని ఉంటుంది."

"క్యాటరింగ్ కదా?"

నేను గిన్నెలు సర్దాను. అది కదలలేదు. "నాన్న లేడని కదా. దట్స్ సో రాంగ్. నేను అత్తకి కాల్ చేస్తాను. లేకపోతే నాకు ఈ పాలికలు వద్దు."

"నా కోసం ఎవరి దగ్గరా అడుక్కోవద్దు," అన్నాను. గట్టిగానే అన్నాను. "నా పేరు ఎత్తావంటే నేను ఆ రోజు ఇంట్లోనే ఉండను. మాట ఇవ్వు."

"ఓకే. ఐ వోంట్ ఆస్క్." కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది. "కానీ నువ్వు అడగాలి కదమ్మా. నువ్వు అడగవు, నన్ను అడగనివ్వవు."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అమ్మకి కావలసి వస్తే ఎవరిని అడగాలో ఆ సామెత చెప్పలేదు.

మార్చి 6

పుట్టమన్ను దొరికింది. కాలవ గట్టు అవతల ఖాళీ స్థలంలో, ఎర్రచీమల పుట్టలు. చెంచాతో అంచులు గీకి డబ్బాలో నింపాను. చీమలు వేళ్ళ మీద, చీలమండ మీద కుట్టాయి. చేయి వాచింది. జల్లించి, రాళ్ళు ఏరి, ఎండబెట్టాను. ఇంత మెత్తటి మన్ను వదిన ఫ్రిస్కోలో చూసి ఉండదు.

ఆ మన్ను మాత్రం మడి మన్నంత శ్రద్ధగా సిద్ధం చేశాను. ఎందుకో తెలియదు.

మార్చి 11

పూసింది. మొదటిది. పచ్చటి పసుపు, ముద్దగా, నడుమ కొంచెం ముదురు రంగు. బంతిలాగే ఉంది గానీ వాసన లేదు. వాసన సంగతి మల్లె చూసుకుంటుంది. గోడ అవతల నారింజచెట్లు కూడా పూతకొచ్చాయి.

మార్చి 15

పడమటి మూలంతా పసుపు. కాడలు మోకాలి దాకా. వీధిలో నడిచే వాళ్ళు గేటు సందులోంచి చూస్తున్నారు. పక్కింటావిడ ఫోటోలు తీసుకుంది. గుడి నుంచి ఇద్దరు కేవలం ఇవి చూడ్డానికే వచ్చారు. పెరట్లో నిలబడి నేను రాజ్యం ఏలుతున్నాను.

ఇప్పుడు రాయగలను కాబట్టి రాస్తున్నాను. అక్టోబర్‌లో ఆ మడి పడిపోయిన రోజు నేను అనుకున్నది విత్తనం గురించి కాదు. నా చేయి చల్లదనం ఆయనతో పోయిందనుకున్నాను. బొట్టు పోతే పోయింది, చేయి కూడా పోయిందనుకున్నాను. వదిన ఆ ఐదుగురి పేర్లు చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, కానీ కోపం కింద, ఆవిడ చెప్పేది నిజమేమోనన్న భయం ఉంది. నా చేత్తో వేస్తే ప్రణవి పాలికలు మొలవవేమో. ఈ పిల్ల కాపురం మీద నా నీడ పడుతుందేమో. ఇంత చదువుకున్నదాన్ని, పాతికేళ్ళు ఈ దేశంలో ఉన్నదాన్ని, ఇలా అనుకున్నాను.

ఈ పూలు చూస్తున్నాను. నా చేయి ఎక్కడికీ పోలేదు. ఇదిగో సాక్ష్యం.

మార్చి 20

వదిన వచ్చింది. సూట్‌కేసు లోపల పెట్టకముందే పెరట్లోకి లాక్కెళ్ళాను. ఆవిడ నోరు తెరిచింది.

"ఏం ఎరువేశావే?"

"ఏమీ వేయలేదు."

"నీళ్ళు?"

"మొదట్లో ఒకసారి. తర్వాత ముట్టుకోలేదు. వాటిని ముట్టుకోకుండా ఉంటేనే పూస్తాయి వదినా," అన్నాను గొప్పగా.

"అయితే నీ చేతి గొప్పేముందే ఇందులో. అవే పెరిగాయి." నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. అక్కసుతో అన్న మాట కాదది. ఆవిడకి తోచింది అనేసింది.

నేను అక్కడే ఉండిపోయాను.

మార్చి 21

అవే పెరిగాయి.

మార్చి 22

వదిన అన్నది నిజం. నేను చేయి పెట్టినవి చచ్చాయి, చేయి తీసినవి బతికాయి. ఈ పూలు నా చేయి గురించి అవుననీ చెప్పడం లేదు, కాదనీ చెప్పడం లేదు. ఐదు నెలలు పెంచి నేను సంపాదించిన సాక్ష్యం ఇదీ.

నవ్వు వచ్చింది. తర్వాత చాలాసేపు రాలేదు.

మార్చి 23

వదిన నవధాన్యాలు నానబెడుతోంది. నేను పక్కన పీట మీద కూర్చుని మూకుళ్ళకి పసుపు రాస్తున్నాను. ఉన్నట్టుండి ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"నాకు మాత్రం ఇష్టమా రాధా? శేషగిరి నా వెనకాల పుట్టినవాడు. నేను ఎత్తుకు తిరిగాను. వాడి కూతురి పెళ్ళిలో వాడి పెళ్ళాన్ని ఓ పక్కకి పోయి కూర్చోమనడం నాకు పండగా? కానీ రేపు పిల్లకి చిన్న నలత వచ్చినా, పెద్దదానివి నువ్వెలా ఊరుకున్నావని నన్నే అంటారు. నన్ను నేనే అనుకుంటాను."

ఆవిడా భయపడుతోంది. నేను ఏ భయంతో ఉన్నానో ఆవిడా ఆ భయంతోనే ఉంది. ఇంట్లో ఇద్దరం ఉన్నాం, ఒకే భయం, ఎదురెదురుగా.

మూకుళ్ళు ఆరబెట్టాను.

మార్చి 24

ఇప్పుడు మధ్యాహ్నం మూడు. అందరూ భోజనాలు చేసి పడుకున్నారు. వరసగా రాస్తాను, తర్వాత నాకే నమ్మకం కలగదు.

పొద్దున జగదీష్ శర్మగారు గుడి నుంచి వచ్చారు. హాల్లో చాప వేశారు. ప్రణవి పసుపు మొహంతో, పట్టుచీరలో పీట మీద కూర్చుంది. ఐదుగురూ వచ్చారు. నా పుట్టమన్ను మూకుళ్ళలో పోశారు. "ఎంత మెత్తగా ఉందో," అంది పూజిత.

"రాధా, నువ్వు అలా సోఫాలో హాయిగా కూర్చో," అంది వదిన. "అన్నీ మేం చూసుకుంటాం."

నేను సోఫా దాటి, వంటిల్లు దాటి, పెరట్లోకి వెళ్ళాను. ఆయన మూల దగ్గర నిలబడ్డాను. ఏమైనా చెబుతాయేమోనని చూశాను. పూలు గాలికి ఊగుతున్నాయి, అంతే. వాటికి నా సంగతి పట్టదు. నవంబర్‌లో పట్టలేదు, ఇప్పుడూ పట్టదు. నేను చల్లానని అవి నావి కాలేదు, నా చేయి మంచిదా కాదా అని ఒకరినీ అడగలేదు, రాళ్ళ మధ్య చోటు దొరికిన చోట లేచాయి.

అప్పుడు తోచింది. నేను అక్టోబర్ నుంచి సాక్ష్యం వెతుకుతున్నాను. ఎవరికి చూపించడానికి? నా చేయి చల్లనిదో వేడిదో నాకు తెలియదు. ఆ పిల్లని కన్నది మాత్రం నేను. దానికి సాక్ష్యం అక్కర్లేదు.

పెరటి కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాను. లోపలికి వెళ్ళాను. చాప మీద వదినకీ పూజితకీ మధ్య కాస్త ఖాళీ ఉంది. అక్కడ కూర్చున్నాను.

వదిన చేతిలో ధాన్యం గిన్నె ఆగిపోయింది. పూజిత కొంగు సర్దుకుంది. పెళ్ళికొడుకు పిన్ని నేల చూసింది.

"రాధా," అంది వదిన, చిన్నగా.

"కూర్చోమన్నారుగా వదినా. కూర్చున్నాను."

నేను అడగలేదు. ప్రణవి తల ఎత్తలేదు. మాట ఇచ్చింది కదా, ఆ మాట మీదే ఉంది, పసుపు మొహం మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

శర్మగారు పుస్తకంలోంచి తలెత్తి, "అమ్మాయి తల్లిగారా?" అన్నారు.

"అవునండీ."

"కానివ్వండి మరి. వర్జ్యం వచ్చేస్తుంది," అని మళ్ళీ మంత్రం అందుకున్నారు.

వదిన నా వంక చూసింది. ఆ చూపులో కోపం వెతికాను, లేదు. తమ్ముడికి చిన్నప్పుడు దెబ్బ తగిలినప్పుడు కూడా బహుశా ఇలాగే చూసి ఉంటుంది. గిన్నె నా చేతికి ఇవ్వలేదు. మెల్లగా కిందకి దించి, తనకీ నాకూ మధ్య పెట్టింది.

గిన్నెలో చేయి పెట్టాను. నానిన గింజలు చల్లగా ఉన్నాయి. ఒక గుప్పెడు తీసి, ఐదు పాలికల్లోనూ చల్లాను. నా చేయి ఎప్పుడూ చల్లినట్టే చల్లింది, పల్చగా, సమంగా. ఆ పక్క నుంచి వదిన చల్లింది. పాలు చిలకరించాం.

లేచేటప్పుడు నా మోకాళ్ళు పట్టేశాయి. వదినే చేయి ఇచ్చింది.

మార్చి 25

మొలవలేదు. ఒక్క రోజుకే ఎలా మొలుస్తాయి. అయినా పొద్దుట్నుంచి నాలుగుసార్లు గుడ్డ ఎత్తి చూశాను. ఐదోసారి వెళ్తే అక్కడ వదిన గుడ్డ ఎత్తి చూస్తోంది.

మార్చి 27

తెల్లవారుతూనే కోశాను. అన్ని కోసినా ఆయన మూలలో పసుపు అలాగే ఉంది, అంత పూసింది. వదిన, నేను కూర్చుని జడ కుట్టాం. పై నుంచి కింద దాకా ఎడారి బంతి, మధ్య మధ్య మా పెరటి మల్లె. ఎండలో రెండు గంటలు తంతు జరిగినా ఒక్క పువ్వు వాడలేదు. ఫోటోగ్రాఫర్ పిల్ల మొహం కంటే జడ ఎక్కువ తీశాడు. ఇవి ఎక్కడ ఆర్డర్ చేశారని ఎంతమంది అడిగారో. మా ఇంట్లోవే అని ప్రతి ఒక్కరికీ చెప్పాను, రెండోసారి అడిగిన వాళ్ళకి రెండోసారి చెప్పాను.

"నాన్న చూసి ఉంటే," అంది ప్రణవి, పూర్తిచేయలేదు. "నీళ్ళు ఎవరు పోశారని అడిగేవారు," అన్నాను. నవ్వింది. పెళ్ళికూతురు నవ్వుతూ పీటలెక్కింది.

పాలికలు మొలిచాయి. పెసలు ముందు, అలసందలు వెనక, ఒత్తుగా, పచ్చగా. వదిన వంగి చూసింది, నేనూ వంగి చూశాను. ఏ గింజ ఎవరు వేసిందో తెలుసుకోవాలని ఇద్దరికీ ఉంది. తెలియలేదు. అన్నీ కలిసిపోయి లేచాయి.

ఏప్రిల్ 18

ఎండలు మొదలయ్యాయి. పూలు ఎండి కాగితంలా అయి కాడల మీదే ఉన్నాయి. విత్తనం రాలుతోంది. కొంత డబ్బాలో తీశాను, మిగతాది ఎక్కడ పడాలో దాని ఇష్టం. కొత్తజంట ఫ్రీమాంట్ అపార్ట్‌మెంట్ బాల్కనీలో కుండీ పెడతారట. ఎరువు వేయొద్దని మూడుసార్లు చెప్పాను.

ఇవాళ వదిన ఫోన్. ఆరోగ్యం అడిగింది, ఎండలు అడిగింది, పూజితకి ఆరో నెలని చెప్పింది. అప్పుడు అసలు మాటకి వచ్చింది.

"సీమంతం మే నెలలో పెట్టుకున్నాం రాధా. నువ్వు వచ్చి ముందు కూర్చోవాలి." గొంతు సవరించుకుంది. "ఇంకొకటి. ఆ పసుపు పూల విత్తనాలు కొన్ని పంపవే. మా ఇంటి వెనక రాళ్ళ నేల ఊరికే పడి ఉంది. నర్సరీలో కొంటే రావు. నీ చేత్తో తీసినవి పంపు."

చూస్తాలే వదినా అన్నాను.

కవరులో పోసి, అంటించి, ఫ్రిస్కో అడ్రస్ రాసి, స్టాంపు కూడా వేసి బల్ల మీద పెట్టాను. గురువారం పోస్ట్ చేస్తాను. రేపే పంపితే, ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నానని అనుకుంటుంది.